ఉన్ పేటలో ఋషిఋణము

సూరత్ నగరమునుండి నవసారికి పోవు రాజమార్గమున, భేస్తాన్ దాటి సచిన్ చేరకమునుపే, ఉన్ అను పేట కలదు. ఒకనాడు పొలముల నడుమనుండిన యీ పల్లె నేడు మహానగరములో కలిసిపోయి, అటు పాండేసరా, ఇటు సచిన్ పారిశ్రామికవాడల నడుమ, అద్దెగదులకును, కుట్టుమిషన్లకును, చిన్నచిన్న కారఖానాలకును నెలవై యున్నది. ఉదయము ఏడుగంటల వేళ రాత్రి షిఫ్టు దిగినవారును, పగటి షిఫ్టు ఎక్కబోవువారును త్రోవలో ఎదురుపడుదురు. ఒకరి కన్నులలో పండ్రెండు గంటల నిద్రలేమి, ఇంకొకరి చేతిలో పండ్రెండు గంటలకు సరిపడు రొట్టెల మూట. గుజరాతీ, హిందీ, ఉర్దూ, మరాఠీ, ఒడియా మాటలు కలగలిసి వినబడు ఆ సందడిలో పదునెనిమిది ఇరువది యేండ్ల కుర్రవాండ్రు పెక్కుమంది, బడి సగములో మాని, పని యింకను చేతికి రాక, ఎవరో యొకరి వెంట హెల్పర్లుగా నడచుచుందురు. అట్టి కుర్రవానికి పని నేర్పుటకై ప్రభుత్వము ధనము వెచ్చించునపుడు, ఆ కార్యమునకు ధర్మదృష్టిలో ఏ పేరు తగును? అది దానమా, లేక బాకీ తీర్చుటయా? లెక్కలు వ్రాయువారికి ఈ ప్రశ్న నిరర్థకముగ తోపవచ్చును. శిక్షణపథకములు కొన్నియెడల ఏల ఫలింపవో, ఫలించుటకు వానిలో ఏమి మారవలెనో తెలిసికొనుటకు నాకు మాత్రము ఇంతకంటె దగ్గరిత్రోవ కనబడలేదు.

దానమునకు మన సంప్రదాయమున ఒక నియతమైన ముగింపు కలదు. దాత సంకల్పము చెప్పి ధారవోయును. ప్రతిగ్రహీత చేయిచాచి గ్రహించును. అంతటితో క్రియ సమాప్తము. పుణ్యము దాత పద్దున చేరును. ఇచ్చిన గోవు పాలిచ్చెనా, ఇచ్చిన నేల పండెనా యని మరల పోయి విచారించు ఆచారము లేదు. ఉపనిషత్తు ఈ లోపమును ఎరుగకపోలేదు. వాజశ్రవసుడు యజ్ఞముచేసి, త్రాగవలసిన నీరు త్రాగివేసి, మేయవలసిన గడ్డి మేసివేసి, ఈనుట ఉడిగిన ఆవులను ఋత్విజులకు దక్షిణగా తోలుచుండగా, ఆ తండ్రి చేయుచున్న పనిని ప్రశ్నించినవాడు పెద్దలలో ఒకడు కాడు, బాలుడైన నచికేతుడు. గోవుల సంఖ్య సరిపోయినది; పాలు మాత్రము లేవు. కఠోపనిషత్తు ఆ కథతోనే తన మహావిచారమును ఆరంభించుట నాకు ఎప్పుడును విశేషముగ తోచును. సంఖ్యచేత తృప్తినొందు దానమును ఒక యువకుడు సందేహింపగా, ఆ సందేహమునుండియే బ్రహ్మవిద్య పుట్టినది.

2015 జూలై 15వ తేదీన ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన తొలి విడతలో 1,500 కోట్ల రూపాయలతో 24 లక్షల మంది యువజనులకు శిక్షణ నీయ సంకల్పించిరి. ఉత్తీర్ణులైనవారికి సగటున 8,000 రూపాయల పురస్కారము. సంకల్పము చిన్నది కాదు. ఉద్దేశమును శంకించుట న్యాయము కాదు. ఐనను ఆ ప్రకటనల భాషను పరికింపుడు: ఎందరికి, ఎన్ని కోట్లు, ఎన్ని కేంద్రములలో. దానపత్రిక ఇట్లే వ్రాయబడును. ఆ 24 లక్షలలో ఒకడు ఉన్ పేటలో ఒక సంవత్సరము తరువాత ఏ పని చేయుచున్నాడో, వాని కూలి హెచ్చెనో లేదో ఆ పత్రికలో చోటు పొందదు. పొందకపోవుట ఎవరి దుర్బుద్ధివలననో జరిగినది కాదు. చేయుచున్నది దానమని నమ్మినవారికి ధారవోసిన నీటితోడనే పని ముగిసినట్లు తోచుట సహజము.

ఋణము స్వభావము వేరు. శతపథబ్రాహ్మణము మనుష్యుడు పుట్టుటతోడనే నాలుగు ఋణములతో పుట్టుననుచున్నది: దేవతలకు, ఋషులకు, పితరులకు, మనుష్యులకు. మొదటి మూడును లోకప్రసిద్ధములు; నాలుగవదానిని మనము మిక్కిలి సులువుగా మరచితిమి. యజ్ఞముచేత దేవఋణము, సంతానముచేత పితృఋణము, ఆశ్రయమిచ్చి అన్నము పెట్టుటచేత మనుష్యఋణము తీరును. ఋషిఋణము తీరునది అధ్యయనముచేత. అనగా తనకు అందిన విద్యను తనతో అంతరింపనీయకుండుటచేత. ఋషులు ఇప్పుడు లేరు గదా, వారికి చెల్లించుట ఎట్లన్నచో, వారి తరపున ఆ బాకీని వసూలు చేసికొనుటకు వచ్చువాడు తరువాతి తరమువాడు. నేర్చుకొనవలసిన యువకుడే మన అప్పులవాడు. అతడు చేయిచాచి నిలుచుండుటను చూచి మనమతనిని యాచకుడని పొరబడుచున్నాము.

విద్య యనగా వేదశాస్త్రములే గదా, సాంచె యను మరమగ్గమును త్రిప్పుటకు ఋషిఋణమేమిటని యడుగువారుందురు. సూరత్ తెలుగువారికి ఈ సందేహము కలుగరాదు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ సీమలనుండి తరలివచ్చి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడిన పద్మశాలి కుటుంబములు తమను మార్కండేయుని సంతతిగాను, భావనాఋషి వంశజులుగాను చెప్పుకొందురు. తామరతూడు దారముతో దేవతలకు వస్త్రము నేసినవాడు భావనాఋషియని వారి కులపురాణము. పురాణమును చరిత్రగా గైకొనవలసిన పనిలేదు. ఒక వృత్తిని చేయువారు తమ చేతిలోని నైపుణ్యము తమది కాదనియు, ఒక ఋషినుండి తమకు అప్పుగా అందినదనియు భావించిరి. నాకిక్కడ కావలసిన సాక్ష్యమింతే. వస్త్రమును కట్టుకొను ప్రతివాడును ఆ అప్పులో పాలుపంచుకొన్నవాడే. నేసినవాని నేర్పును తరతరములుగ అనుభవించిన సమాజము, ఆ నేర్పును తరువాతివానికి అందింపవలసిన దినము వచ్చినపుడు ‘నేను కరుణతో ఇచ్చుచున్నాను’ అనుట సత్యము కానేరదు.

పన్ను కట్టువాని ధనమిది, ఆయన ఎవరికి బాకీపడినాడని మరియొక ఆక్షేపణ వినబడును. ఆయన చదివిన బడికి, ఎక్కిన రైలుకు, త్రాగిన నీటికి వెల మొత్తము ఆయనే చెల్లించెనా? ఆయన తొడిగిన చొక్కా వెల తక్కువగ నుండుటకు కారణము, దానిని నేసిన ఖాతాలో, అనగా సాంచెలశాలలో, గజముల లెక్కన కూలి పుచ్చుకొని పండ్రెండు గంటలు నిలుచున్నవాడు కాడా? ఈ వాదమును ఇంతకంటె పొడిగింపనక్కరలేదు.

దానభావన తెచ్చిపెట్టు హానులలో మిక్కిలి సూక్ష్మమైనది పాత్రతావిచారము. దేశకాలపాత్రముల నెరిగి, ప్రత్యుపకారము కోరక ఇచ్చునది సాత్త్వికదానమని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది. వ్యక్తికి అది మహోపదేశము. ఆ సూత్రమును శిక్షణకేంద్రము చేపట్టినపుడు మాత్రము అది విపరీతఫలము నిచ్చుచున్నది; ఏలయన, కేంద్రమునకు పాత్రుడనగా త్వరగా నేర్చుకొని, త్వరగా ఉద్యోగములో చేరి, కేంద్రము ప్రతిష్ఠను నిలుపువాడు. ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలో 1982 నాటి ఉద్యోగశిక్షణ భాగస్వామ్యచట్టము క్రింద శిక్షణసంస్థలను ఎందరికి పని దొరకెనను సంఖ్యచేత కొలువగా, పని సులువుగా దొరకువారినే ఏరుకొనుటకు సంస్థలకు ఆశ పుట్టినదని అచటి పరిశోధకులు దీర్ఘముగ చర్చించిరి. 1980ల చివరియేండ్లలో మొదలైన జాతీయ అధ్యయనమున, బడి మానిన యువజనులకు ఆ శిక్షణవలన ఆర్జనలో లాభము కనబడలేదు. మనదేశమున 2014లో దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, శిక్షణ పొందినవారిలో నూటికి 70 మందికి ఉద్యోగము చూపవలెనని నిర్బంధించినది. దళిత గిరిజనులకు సగము, అల్పసంఖ్యాకులకు 15 శాతము, స్త్రీలకు మూడవవంతు స్థానములు కేటాయించినది. కేటాయింపు మంచిదే. కాని ఆ వర్గములలోను సులువైనవాడు, కష్టమైనవాడు ఉందురు గదా. పదవతరగతి తప్పి, తండ్రి మంచమున పడి, ఇంటికి కూలి తేవలసిన కుర్రవానికంటె, అదే కులమున చదువు సాగినవాడు కేంద్రమునకు ప్రియుడగును. అప్పు తీర్చువానికి ఈ ఎంపిక లేదు. అప్పులవారిలో ఎవడు తనకు నచ్చినవాడని ఋణగ్రస్తుడు ఏరుకొనడు. ఎవరి బాకీ ఎక్కువకాలము నిలిచినదో వారికి ముందు చెల్లించుట ధర్మము. కావున కష్టమైనవానిని నిలబెట్టిన సంస్థకు హెచ్చు మొత్తమును, ఎట్లైనను నిలబడగలవానిని చూపిన సంస్థకు తక్కువ మొత్తమును చెల్లించు పద్ధతి రావలెను. ఇది దయ చూపుట కాదు, వడ్డీ లెక్క సరిచేయుట.

ఇంతవరకు చెప్పినది తత్త్వము. ఆచరణకు వచ్చునప్పటికి నాకు నారదస్మృతి ఆశ్చర్యము కలిగించును. స్మృతులలో మనము ఇప్పుడు అంగీకరింపరాని వర్ణవివక్ష కలదు. దానిని కప్పిపుచ్చుట నాకు సమ్మతము కాదు. కాని శిల్పము నేర్చుకొన వచ్చిన అంతేవాసిని గూర్చి నారదుడు చేసిన ఏర్పాటు, నేటి పథకములను రచించువారు ఎదుట పెట్టుకొనదగినంత స్పష్టముగనున్నది. వృత్తి నేర్వగోరువాడు బంధువుల అనుమతితో, కాలమును ముందుగ నిశ్చయించుకొని ఆచార్యుని యింట వసింపవలెను. ఆచార్యుడు తన యింట భోజనము పెట్టుచు నేర్పవలెను, ఆ వృత్తి తప్ప అన్యమైన పని చేయింపరాదు, పుత్రునివలె చూడవలెను. పని ముందుగనే వచ్చినను శిష్యుడు ఒప్పుకొన్నకాలము పూర్తియగువరకు ఉండి, తన పనిఫలమును గురువునకే ఇయ్యవలెనని నారద యాజ్ఞవల్క్యులిరువురును చెప్పిరి.

ఈ చివరినియమము క్రూరముగ తోచును. నేడు దానిని యథాతథముగ అమలుచేయుమని నేననను. కాని దానిలో ఒక యుక్తి యిమిడియున్నది. శిష్యుడు ఎంత త్వరగా నిపుణుడైన గురువునకు అంత లాభము. నిపుణుడు కానిచో గురువు పెట్టిన అన్నము వ్యర్థము. అందుచేత శిష్యుని నేర్పునందు గురువునకు స్వప్రయోజనము కలదు. నేటి ఏర్పాటులో ప్రభుత్వము గురువునకు రుసుము చెల్లించును. హాజరుపట్టీ నిండినను, పరీక్ష ముగిసినను వాయిదా చేతికందును. కుర్రవాడు ఆపైన నిపుణుడైనను కాకున్నను గురువునకు పెద్ద నష్టము లేదు. పాతకట్టుబాటులోని దాస్యమును మనము తొలగించితిమి, మంచిదే. దానితోపాటు గురుశిష్యుల ప్రయోజనములను కలిపి కట్టిన ముడిని కూడ విప్పివేసితిమి, దాని స్థానమున మరియొకటి వేయలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ఆ ముడిని కొంత వేయజూచినది; 2016లో వచ్చిన జాతీయ ప్రోత్సాహకపథకము యజమాని ఇచ్చు స్టైపెండులో నాలుగవవంతును, 1,500 రూపాయలు మించకుండ, ప్రభుత్వము భరించునట్లు చేసినది. కాని ఆ చట్టము పెద్ద సంస్థల కొరకు కుట్టిన చొక్కా; పనివాండ్ర పేర్లు చిట్టాకెక్కుటయే అరుదైన సాంచెల ఖాతాకు అది సరిపడదు.

మరి ఖాతాలో కుర్రవాడు పని ఎట్లు నేర్చును? అన్నయో, మేనమామయో, ఊరివాడో ముందుండును. వాని ప్రక్కన నిలుచుండి, తొలినాళ్లలో కూలి లేకయో, అల్పముగనో నేర్చును. సాంచెమీద పడుగున ఒక పోగు తెగినదనుకొందము. వేలపోగుల నడుమ తెగినదేదో కనుగొనవలెను. దాని కొస దొరకించుకొని, క్రొత్త పోగు చేర్చి, బొటనవ్రేలు చూపుడువ్రేలు నడుమ నలిపి ముడివేసి, సన్నని తీగ కంటిలో దూర్చి, అచ్చు పండ్లలో సరియైన సందునుండి లాగి, బిగువు చూచి మరల సాంచె నడపవలెను. నేర్చినవాని చేతిలో ఇది కనురెప్పపాటు. నేర్వనివాడు ప్రక్క సందులో దూర్చిన, ఆ గీత బట్ట పొడవునను పడిపోవును. గజముల లెక్కన వచ్చు కూలిలో అది కోతపడును. ఈ చేతివాటమును నల్లబల్లమీద చూపించుట అసాధ్యము. పాత సాంచెను ఒక గదిలో పెట్టి ముప్పదిమందికి చూపించుట కూడ పెద్ద ప్రయోజనకారి కాదు. ప్రక్కనిలిచి నేర్పువాడు కావలెను. అందుచేత ఖాతాలలో ఇరువది ముప్పది యేండ్లు పనిచేసిన కారీగర్లను గుర్తించి, వారికి ఆచార్యుని హోదాయు, నేర్పిన దినములకు పడిన కూలినష్టమునకు పరిహారమును ఇచ్చుట శిక్షణసంస్కరణలో మొదటి మెట్టని నా దృఢవిశ్వాసము. చదువులేని కారణమున వారిని శిక్షకులుగ తిరస్కరించి, సాంచె నెన్నడును ముట్టని పట్టభద్రుని నియమించుట ఋషిని గుమ్మము బయట నిలిపి లేఖకుని పీటమీద కూర్చుండబెట్టుట.

ఈ బంధుశిక్షణలో ఒక పెద్ద వెలితి కలదు. బంధువు లేనివానికి అక్కడ ప్రవేశము లేదు. నారదుడు బంధువుల అనుమతి కావలెనన్నాడు. నేటి ఖాతాలో బంధువు సిఫారసే కావలసియున్నది. మామ లేని కుర్రవాడు, ఏ ఊరిజట్టునకు చెందనివాడు, బాలికల వసతిగృహమునుండి బయటికి వచ్చిన యువతి, జైలునుండి విడుదలైనవాని కొడుకు, వీరికి సాంచె ప్రక్క నిలుచు చోటు ఎవరిత్తురు? ప్రభుత్వము పూనుకొనవలసిన స్థానము సరిగా ఇదియే. బంధువులున్నవారికి కుటుంబము చేయుపనిని మరల చేయుట కాదు, బంధువు లేనివానికి బంధువగుట. బంధువు ఏమి చేయునో అది యంతయు చేయవలెను: తీసికొనిపోవుట, హామీ యుండుట, నేర్చునన్నాళ్లు అన్నము పెట్టుట, దెబ్బతగిలిన వైద్యశాలకు కొనిపోవుట, కూలి ఎగవేసినచో యజమానితో తగవులాడుట.

అన్నము మాట వచ్చినది గావున ఒక ఉదాహరణ. కొలంబియా దేశమున పేదయువజనుల కొరకు నడచిన ఒక శిక్షణపథకములో మూడునెలలు తరగతి, పిమ్మట మూడునెలలు ఒక సంస్థలో పని. ఆ కాలమంతయు భోజనరవాణాలకు దినభత్యము. పసిబిడ్డలున్న తల్లులకు మరికొంత హెచ్చు. 2005లో సీట్లకు మించి వచ్చినవారినుండి చీట్లువేసి ఎంపికచేసినందున, చేరినవారిని చేరనివారితో న్యాయముగ పోల్చుటకు వీలుకలిగినది. స్త్రీల ఆర్జన సుమారు ఐదవవంతు హెచ్చెను. దత్తభోజనుడై నేర్వవలెనన్న స్మృతివాక్యమునకును, తల్లికి కొంత హెచ్చు భత్యమిచ్చిన ఆ దూరదేశపు అధికారులకును పరిచయము లేదు. ఇరువురును ఆకలిగొన్నవాడు నేర్వలేడను ఒకే సంగతిని కనుగొనిరి. దినకూలి మానుకొని శిక్షణకు రమ్మని ఉన్ పేట కుర్రవానిని పిలుచునపుడు, ఆ దినకూలి ఎవరు పూరింతురను ప్రశ్నకు సమాధానము లేనిచో, వాడు రాకుండుట సోమరితనము కాదు, లెక్క తెలియుట.

స్త్రీల సంగతి మరికొంచెము నిలిచి చూడదగినది. సూరత్ పేటలలో చీరలకు రాళ్లు అంటించుట, లేసు కుట్టుట, వ్రేలాడు దారములు కత్తిరించుట మొదలైన పనులు ఇండ్లలోనే జరుగును. మూటలు ఇంటికి వచ్చును, మూటలు ఇంటినుండి పోవును, కూలి ఒక్కొక్క చీరకు ఇంతయని. ఈ స్త్రీలలో పెక్కురు శిక్షణకేంద్రము గడప త్రొక్కలేరు. కౌటిల్యుడు సూత్రాధ్యక్షుని విధులు చెప్పుచు, ఇల్లు వెడలనివారికిని, భర్త దూరదేశమందున్నవారికిని, అంగవైకల్యము గలవారికిని, తమ పోషణ తామే చూచుకొనవలసిన కన్యలకును దాసీలద్వారా ఆదరముతో ఇంటికే పని పంపవలెనన్నాడు. ఉదయమున సూత్రశాలకు తామే నూలు తెచ్చినవారితో వ్యవహరించునపుడు దీపము నూలు పరీక్షించుటకు మాత్రమే యుండవలెను. స్త్రీ ముఖము చూచినను, అన్యప్రసంగము చేసినను ఉద్యోగికి పూర్వసాహసదండము. కూలి ఇచ్చుటలో ఆలస్యము చేసినచో మధ్యమసాహసదండము. కఠినరాజనీతికి పేరుపడిన గ్రంథమిది. అయినను పేదస్త్రీకి పని కల్పించుట, ఆమె గౌరవము కాపాడుట, కూలి వేళకు చేర్చుట అను మూడింటిని ఒకే ఉద్యోగి కర్తవ్యముగ నిర్ణయించి, తప్పినవానిపై శిక్ష విధించినది. శిక్షకుడు ఇంటివాకిటికి పోవలెనన్న మాట నేడు నూతనసంస్కరణగ వినబడుట నాకు విచారము కలిగించును.

నేర్పుటలో ఎంతవరకు నేర్పవలెనను ప్రశ్న మిగిలియున్నది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన వృత్తిమూలకవిద్యను, మరుసటి ఫిబ్రవరిలో ఈ సూరత్ జిల్లాలోనే హరిపురాలో జరిగిన కాంగ్రెసు మహాసభ ఆమోదించినది. ఆ విద్యలో వృత్తి బుద్ధిని మేల్కొలుపు సాధనము. గుమాస్తాకు ప్రత్యామ్నాయముగ కూలివానిని తయారుచేయుట దాని ఉద్దేశము కాదు. ముడివేయుట చేతిపని, పోగు ఏల తెగినదను ప్రశ్న విద్య. గాలిలో తేమ తగ్గినదా, గంజి సరిపడలేదా, బిగువు హెచ్చినదా, నూలే నాసిరకమా? ఈ కారణము తెలిసినవాడు షటిల్ సాంచె పోయి రేపియరు, వాటర్ జెట్ యంత్రములు వచ్చిననాడు నిలబడును. ముడి మాత్రము వచ్చినవాడు ఆ యంత్రముతోపాటు పాతబడును. సూరత్‌లో ఈ మార్పు కన్నులయెదుట జరుగుచున్నది. మూడునెలల కోర్సు చేతికి అలవాటును మాత్రమే ఇయ్యగలదు. చేతిపనిని ఇచ్చి కారణమును దాచుకొన్నచో సగము అప్పే తీర్చినట్లు.

కారణము చెప్పవలెనన్న భాష కావలెను. సూరత్ నగరపాలిక ప్రాథమికపాఠశాలలను గుజరాతీతోపాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు మాధ్యమములలో నడిపినది. ఏడుభాషల పిల్లలకు ఏడుభాషలలో బడి పెట్టిన ఆ నగరపు ఔదార్యమును నేను మనసార కొనియాడుదును. చిన్ననాట తల్లిభాషలో అక్షరము చెప్పిన నగరము, పదునెనిమిదవయేట వృత్తి చెప్పునపుడు ఆ భాషను మరువవలసిన పనిలేదు. ఇంకొక చిక్కు కలదు: గ్రామీణపేదల పేర రచింపబడిన పథకము సొంతయూరిలో నుండువానికి వర్తించును, వాడు సూరత్ రైలెక్కిన మరునాటినుండి గ్రామీణుడు కాడు, పట్టణపు పథకమునకు చూపుటకు చిరునామాపత్రము వానియొద్ద నుండదు. ఋణము మనిషికి చెల్లింపవలసినది, మనిషి నిలిచిన నేలకు కాదు. కరీంనగరమున మొదలిడిన శిక్షణను సూరత్‌లో పూర్తిచేయుటకు, సూరత్‌లో సంపాదించిన యోగ్యతను సిరిసిల్లలో చెల్లుబాటు చేసికొనుటకు వీలుండవలెను.

నేతవాని కొడుకునకు నేతయే నేర్పవలెనని నేను చెప్పుచున్నట్లు ఎవరైన తలచిన పొరబాటు. ఎర్రాప్రెగ్గడ తెనిగించిన అరణ్యపర్వశేషమున కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మము బోధించు మిథిలానగరపు వ్యాధుడు మాంసము అమ్ముకొను తన వృత్తిని వీడడు. ఆ కథను చూపి ‘ఎవని పని వానికి’ అనువారు కలరు. నాకు ఆ కథ మరియొక సంగతి చెప్పును. వేదాధ్యయనము చేసినవాడు అంగడివాని ముంగిట నిలుచుండి నేర్చుకొనెను. వృత్తిచేత మనిషి జ్ఞానమునకు హద్దు కట్టుట సాధ్యము కాదని అక్కడ తేలినది. అట్లే వృత్తిచేత మనిషి కోరికకును హద్దు కట్టరాదు. కుర్రవాడు ఎలక్ట్రీషియను కాగోరిన అది నేర్పవలెను. యువతి నర్సు సహాయకురాలు కాగోరిన అది నేర్పవలెను. కేంద్రములో కుట్టుమిషన్లు ఉన్నవి గనుక అందరును కుట్టుపని నేర్వుడనుట, బాకీ రూపాయలకు బదులు ఇంటిలో మిగిలిన పాతసామాను అంటగట్టుట.

ఇక లెక్క ముగింపు. మన ఊళ్లలో అప్పు తీరినదనుటకు చెల్లుచీటి వ్రాయించుకొందురు. దానిని వ్రాయువాడు అప్పిచ్చినవాడు, అప్పు తీర్చినవాడు కాడు. తీర్చినవాడే తన చెల్లుచీటి తాను వ్రాసికొన్న ఏ పెద్దమనిషియు ఒప్పడు. శిక్షణ ముగింపున కుర్రవానికిచ్చు సర్టిఫికెట్టును, దానిని లెక్కించి ప్రకటించు నివేదికను నేను పరికించినపుడు, ప్రభుత్వము తనకు తానే చెల్లుచీటి వ్రాసికొనుచున్నట్లు తోచును. చెల్లుచీటి కుర్రవాడు వ్రాయవలెను, అదియు సంవత్సరము గడచిన పిమ్మట. శిక్షణసంస్థకు సంబంధము లేని ఒక ఉద్యోగి, ఆ నేర్చినవానిని వాని గదికి పోయి కలిసి, మూడు ప్రశ్నలు అడుగవలెను: నేర్చినపని చేయుచున్నావా? కూలి హెచ్చెనా? నీకు నేర్పినవానియొద్దకు నీ తమ్ముని పంపుదువా? వ్రాయసకాడు పూరించు పట్టికలో కాదు, అతని మాటలలోనే, అతని భాషలోనే ఆ సమాధానము నమోదు కావలెను. సంస్థకు రావలసిన చివరివాయిదా, అదియు స్వల్పభాగము కాక సగమైనను, ఆ సమాధానము వచ్చువరకు నిలిపియుంచవలెను. పని ముట్టలేదని అతడన్నచో తొలి పద్దు కొట్టివేసి, అతని కోరిక మేరకు మరల నేర్పవలెను; ఆ రెండవ శిక్షణలో అతనికి నడచు భోజనము, దినభత్యము, ఆచార్యుని కూలి, మొత్తము మొదట నేర్పితిమని చెప్పినవారే భరింపవలెను.